ఇటుక రంగు

శనివారం ఉదయం పది గంటలకు డిటెక్టివ్ సన్యాసిరాజు పోలీస్ స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ భద్రయ్య రిమాండ్ రిపోర్టు చివరి పేజీ మీద సంతకం పెడుతున్నాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

“ఏందీ రాజుగారూ, పొద్దుగాలనే వచ్చిన్రు. కేసు ఖతమయింది. సాయంత్రం అయిదుకు పిల్లను మెజిస్ట్రేట్ ముందట పెడుతున్న.”

“ఆలోగా పది నిమిషాలు ఆ అమ్మాయితో మాట్లాడాలి.”

“ఎవరి తరఫున?”

“గంగాదేవి తరఫున.”

భద్రయ్య పెన్నుకు మూత పెట్టాడు. గంగాదేవి ఎవరో అతనికి తెలుసు. ఆమె భర్త దేముడుబాబు రైల్వే గేట్‌మన్. ఆరు నెలల కిందట ఒక లెవల్ క్రాసింగ్ దగ్గర స్కూలు రిక్షాను రైలు గుద్దిన కేసులో జైల్లో ఉన్నాడు. ముగ్గురు పిల్లలు పోయారు. రైల్వే స్టేషన్ నుంచి ఫోన్ చేసి గేటు తియ్యమంటేనే తీశానని దేముడుబాబు మొదటి రోజు నుంచీ ఒకటే మాట చెబుతున్నాడు. అలాంటి ఫోన్ ఏదీ తాను చెయ్యలేదని ఆ రోజు డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ జకర్యా చెప్పాడు. రిజిస్టర్‌లో కూడా ఫోన్ సంగతి లేదు. కోర్టు రిజిస్టర్‌నే నమ్మేటట్టు ఉంది.

పోయిన పిల్లలు ముగ్గురూ హెడ్‌మిస్ట్రెస్ కాంతమణి బడిలో చదువుకున్నవాళ్లు. ఆ కాంతమణి జకర్యాకు సొంత అక్క. నిన్న, గుడ్ ఫ్రైడే ఉదయం, మౌలాలిలోని తన ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే చనిపోయింది. వయసు యాభై నాలుగు.

“మంగళోరం కోర్టుకొచ్చి తనకి తెలిసింది సెప్తానంది టీచరమ్మ,” అని గంగాదేవి నిన్న సాయంత్రం సన్యాసిరాజు ఆఫీసులో చెప్పింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “ఏటి తెలుసో నాకు సెప్పనేదు బాబూ. ఈస్టర్ దాకా ఆగమంది. ఇప్పుడామే నేదు. నా పెనిమిటి తరపున ఇంకెవులు సెప్తారు?”

విజయనగరం విడిచి ఇరవై ఏళ్లయినా ఆ యాస వింటే సన్యాసిరాజు ఫీజు మాట ఎత్తలేడు. ఎత్తలేదు కూడా.

“మీ కేసు ఏమిటో ఒకసారి చెప్పండి ఇన్‌స్పెక్టర్‌గారూ.”

“సీదా కేసు,” అన్నాడు భద్రయ్య. “టీచరమ్మకు రెండు నెలల సంది షుగర్. ఇన్సులిన్ సూది రోజూ ఏసేది అక్క బిడ్డ... కాదు, చెల్లె బిడ్డ మార్త. నిన్న ఏడున్నరకు సూది ఏసింది. తొమ్మిది నలభైకి మనిషి లేదు. డోసు ఎక్కువైతే గిట్లనే పోతరని డాక్టర్లు చెప్పిన్రు. ఇన్సులిన్‌ల రెండు రకాలున్నయట, నలభై బలముది, ఎనభై బలముది. సూది మీద గీతలు సుత రెండు రకాలు. ఎనభై తెచ్చి నలభై గీతకు నింపితే డబల్. ఆ మందు సీసా ఇల్లంత ఎతికినా దొరకలే. పిల్లనే పారేసింది. తప్పు చెయ్యకపోతే ఎందుకు పారేస్తది?”

“చంపాల్సిన అవసరం?”

“ఎవర్నో చేసుకుంటనన్నదట. పెద్దమ్మ వద్దన్నదట.”

“అది చెప్పింది ఎవరు?”

“మేనమామ. జకర్యాసాబ్.”

సన్యాసిరాజు లోపలి గది వైపు నడిచాడు.

మార్త బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల, టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడే తల్లి పోతే కాంతమణే పెంచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కన పెట్టిన ఇడ్లీ పొట్లం విప్పినట్టు లేదు.

“ఏమైనా తిన్నావా అమ్మా?”

“గురువారం రాత్రి తిన్నానండీ. నిన్న ఉపవాసం. తర్వాత తినాలనిపించలేదు.”

“నిన్న పొద్దున ఏ టైముకు ఏం జరిగిందో చెప్పు. తొందర లేదు.”

“ఏడుంపావుకు యూరిన్ టెస్ట్ చేశాను. రోజూ చేస్తాను. పరీక్షనాళికలో నీలం రంగు మందు పోసి, ఎనిమిది చుక్కలు యూరిన్ వేసి స్పిరిట్ దీపం మీద మరగబెట్టాలి. షుగర్ లేకపోతే నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకాస్త ఉంటే పసుపు. బాగా ఉంటే ఇటుక రంగు. పెద్దమ్మది ఎప్పుడూ ఇటుక రంగేనండీ.”

“ఎప్పుడూ అంటే?”

“రెండు నెలల్లో ఒక్కరోజు కూడా మారలేదు. ఎర్రగానే వస్తోందని డాక్టర్‌గారు డోసు పెంచుతూ పోయారు. పదితో మొదలుపెట్టి ఇరవై, ఇరవై ఎనిమిది చేశారు. మొన్న బుధవారం నుంచి నలభై. పెద్దమ్మకు చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. షుగర్ ఎక్కువై అలా అవుతోందని అనుకున్నాం.”

“ఏడున్నరకు సూది వేశావు. తర్వాత?”

“రాగిజావ ఇచ్చాను. ప్రార్థన చేసుకుని తాగుతానంది. సూది వేసుకుని ఉపవాసం ఉండకూడదని డాక్టర్‌గారూ చెప్పారు, నేనూ చెప్పాను. సరేనంది. ఎనిమిదింటికి నేను చర్చికి వెళ్లాను, కొయిర్ పాటల ప్రాక్టీసు ఉంటే. తొమ్మిది నలభైకి తిరిగొచ్చేసరికి...” ఆగింది. “గిన్నె ఖాళీగా ఉంది. తాగిందనుకున్నాను.”

“మందు సీసా ఏది?”

“కూజా వెనక మట్టి ముంతలో, నీళ్లలో. మాకు ఫ్రిజ్ లేదండీ. అలా పెడితే చల్లగా ఉంటుంది.”

“ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పావా?”

“ఎక్కడ పారేశావని అడిగారు. పారెయ్యలేదన్నాను. ఎక్కడుందని ఎవరూ అడగలేదు.”

గుమ్మంలో నిలబడ్డ భద్రయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఆఖరి ప్రశ్న. షుగర్ ఉందని మొదట ఎలా తెలిసింది?”

“జనవరిలో. పెద్దమ్మ నీరసంగా ఉంటోందని మామయ్యే పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. బ్లడ్ టెస్ట్ చేయించి రిపోర్టు తెచ్చిందీ మామయ్యే. అంతా ఆయనే చూసుకున్నాడు.”

పదకొండున్నరకు జీపు మౌలాలి చేరింది. ఒకే ఇంట్లో రెండు వాటాలు. ముందు వాటాలో కాంతమణి, మార్త. వెనక వాటాలో జకర్యా ఒక్కడే. భార్య పోయి చాలా ఏళ్లయింది.

వంటగదిలో కూజా వెనక చెయ్యి పెట్టగానే ముంత తగిలింది. నీళ్లలో సీసా. సన్యాసిరాజు దాన్ని తుడిచి భద్రయ్య కళ్లముందు పెట్టాడు.

“బలం ఎంత ఉంది?”

భద్రయ్య చదివాడు. “నలభై.”

“మార్త రాసిన నోటుబుక్కు ఇదిగో. బుధవారం కొత్త సీసా తెరిచింది. పది సీసీల సీసా, సీసీకి నలభై యూనిట్లు. బుధ, గురు, శుక్రవారాలు రోజుకు నలభై చొప్పున మూడు సీసీలు పోవాలి. ఏడు మిగలాలి.”

భద్రయ్య ఎదుటే కొలిచాడు. రెండు సీసీల సిరంజితో మూడుసార్లు నిండుగా, నాలుగోసారి సగం. సరిగ్గా ఏడు.

“డాక్టర్ రాసిన దానికన్నా ఒక్క చుక్క ఎక్కువ పోలేదు ఇన్‌స్పెక్టర్‌గారూ.”

“ఇంకో సీసా ఉండొచ్చు.”

“ఉండొచ్చు. మీరు చూపించండి.”

“రాజుగారూ,” భద్రయ్య గొంతు పెరిగింది. “మీకు డ్రస్సు లేదు, పైన ఆఫీసర్ లేడు. ఏమన్నా మాట్లాడొచ్చు. ఒక మనిషి సచ్చింది. గిన్నె ఖాళీ. అంటే తిన్నది. తిన్న మనిషి, సరైన డోసు తీసుకున్న మనిషి ఎట్ల సస్తది? అది చెప్పున్రి ముందుగాల.”

సన్యాసిరాజు ఖాళీ గిన్నెను ఒకసారి తిప్పి చూశాడు. పెరటి తలుపు తీసి బయటికి నడిచాడు. అరటి మొదట్లో ఎండి పొక్కులు కట్టిన రాగిజావ కనిపించింది. గోడ వైపు నుంచి చూస్తే తప్ప కనపడకుండా, జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా పారబోసినట్టుంది. దొంగతనంగా ఉపవాసం ఉన్న మనిషి పని అది. మార్త బాధపడుతుందని కాంతమణి గిన్నె ఖాళీ చేసి పెట్టింది.

అతను లేవబోతూ ఆగాడు. పెరటి కాలువ పక్కన నల్లచీమల బారు ఒకటి పోతోంది. జావ వైపు కాదు. వెనక వాటా వైపు. అక్కడ స్నానాలగది తూము దగ్గర చీమలు ముద్ద కట్టి ఉన్నాయి.

“లోపలికి రండి సార్, టీ తాగుదురు,” అని వెనక గుమ్మంలోంచి పిలుపు వచ్చింది. జకర్యా. యాభై ఏళ్ల మనిషి, తెల్లటి చొక్కా, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు. చేతిలో టిఫిన్ క్యారియర్. “మార్తకు పట్టుకెళ్తున్నాను. నిన్నటి నుంచి ఏమీ తినలేదంట. ఎంత తప్పు చేసినా మా చెల్లెలి బిడ్డ కదండీ.”

మూడు గ్లాసుల్లో టీ పోశాడు. తన గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసుకున్నాడు.

“మీకు షుగర్ లేదా జకర్యాగారూ?”

“దేవుడి దయవల్ల నాకు లేదు. అమ్మకు ఉండేది. అక్కకు వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లకే వచ్చేటట్టుంది.” టీ చప్పరించాడు. “మార్తకు కూడా ఒకసారి చూడమని చెప్పాలి.”

“మంగళవారం మీ అక్కగారు కోర్టులో ఏం చెప్పాలనుకున్నారో మీకు తెలుసా?”

జకర్యా గ్లాసు కింద పెట్టాడు. “పిల్లలు పోయినప్పటి నుంచి అక్క మనసు మనసులో లేదండీ. ఎవరో ఒకరి మీద నేరం మోపాలి ఆమెకు. ప్రార్థన చేసుకోమని చెప్పేవాణ్ణి.”

అతను క్యారియర్ తీసుకుని బయల్దేరాడు. భద్రయ్య మర్యాదగా దారి ఇచ్చాడు.

మధ్యాహ్నం రెండుంపావుకు ఇద్దరూ రాంగోపాల్‌పేట్‌లో డాక్టర్ బ్రహ్మచారి దవాఖానాలో కూర్చున్నారు. కాంతమణికి వైద్యం చేసింది ఆయనే. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ల ప్రాక్టీసు. శవపరీక్ష రిపోర్టు దారిలో ఆస్పత్రి నుంచి భద్రయ్య తెచ్చాడు. అతనే చదివాడు, ఇష్టం లేనట్టు.

“కడుపు ఖాళీ. కంటిగుడ్డు లోపలి నీళ్లల్ల చక్కెర దాదాపు లేదు. మూత్రాశయంల కొంచెం మూత్రం ఉండె. పరీక్ష చేస్తే ఇటుక రంగు.”

“ఇంకోసారి చదువు,” అన్నాడు డాక్టర్.

భద్రయ్య చదివాడు.

“ఇది కుదరదు,” బ్రహ్మచారి కళ్లజోడు తీశాడు. “కంటి నీళ్లల్ల చక్కెర లేదంటే రక్తంల చక్కెర పడిపోయి సచ్చినట్టు. మరి మూత్రంల గంత చక్కెర ఎక్కడికెల్లి వచ్చింది?”

“సూదికి ముందు తయారైన మూత్రమేమో,” అన్నాడు భద్రయ్య.

“కాదు,” అన్నాడు సన్యాసిరాజు. “ఏడుంపావుకు పరీక్ష కోసం ఆమె మూత్రవిసర్జన చేసింది. మార్త రాసిపెట్టింది. మూత్రాశయంలో దొరికింది ఆ తర్వాత రెండు గంటల్లో చేరింది. అంటే సూది పడ్డాక, రక్తంలో చక్కెర దిగిపోతున్నప్పుడు. డాక్టర్‌గారూ, నేను చదువుకున్నది చరిత్ర. ఆ చక్కెర మూత్రంలోకి ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి.”

బ్రహ్మచారి చెప్పడం మొదలుపెట్టాడు, ఆలోచించుకుంటూ, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

“రక్తం మూత్రపిండాలల్లకు పోయినప్పుడు అండ్ల ఉన్న చక్కెర నీళ్లతోని కలిసి సన్న జల్లెడ దాటి కిందికి దిగుతది. అందరికీ దిగుతది. గట్లనే వదిలేస్తే ఒంట్ల బలమంతా బయటికే పోతది. అందుకని ఆ జల్లెడ కింద సన్న గొట్టాలుంటయి. వాటి గోడలకు చక్కెరను పట్టుకొని మళ్ల రక్తంల వేసేటియి ఉంటయి. స్టేషన్‌ల కూలీలు సామాను మోసినట్టు. మంచిగున్న మనిషిల మొత్తం తిరిగి మోసేస్తయి. మూత్రంల ఏం మిగలదు. పరీక్ష చేస్తే నీలం.”

“షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో?”

“రక్తంల చక్కెర నూట ఎనభై దాటిందనుకో, సామాను ఎక్కువైతది. మోసేటియి సరిపోవు. మిగిలింది మూత్రంల పడతది. ఇటుక రంగు.”

“సామాను మామూలుగానే ఉండి, కూలీలే తక్కువైతే?”

డాక్టర్ లేచి బీరువా తెరిచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు, పేజీలు తిప్పకుండానే మళ్లీ పెట్టేశాడు.

“ఉంటది,” అన్నాడు. “కొన్ని కుటుంబాలల్ల పుట్టుకతోనే ఉంటది. రక్తంల చక్కెర సరిగ్గనే ఉంటది, మూత్రంల మాత్రం జిందగీ అంత కారుతనే ఉంటది. తక్లీఫ్ ఏం ఉండదు. మందు ఒద్దు, పథ్యం ఒద్దు. చదువుకున్న. నలభై ఏండ్లల్ల ఒక్క కేసు చూడలే.”

“అలాంటి మనిషికి ఇన్సులిన్ ఇస్తే?”

“ఇన్సులిన్ చేసే పని కండరాల కణాలకు తలుపులు తీసుడు. తలుపు తీస్తే రక్తంల చక్కెర లోపలికి పోతది. షుగర్ జబ్బున్నోళ్లకు అది ప్రాణం పోస్తది. జబ్బు లేనోళ్లకు...” కళ్లజోడు తుడుచుకున్నాడు. “రక్తంల ఉన్న కొంచెం సుత కండరాలే గుంజుకుంటయి. మెదడుకు దాచుకునే జాగ లేదు బాబూ. గడియ గడియకు రక్తంలకెల్లే తీసుకోవాలె. దొరకకపోతే చెమటలు, వణుకు, మైకం. ఇంక కడుపుల ఏం లేకపోతే... ఎంత డోసు ఏసినా ఆమె మూత్రం నీలం కాదు. కాలేదని నేను పెంచుకుంట పోయిన. పది, ఇరవై, ఇరవై ఎనిమిది, నలభై. నా చేతులతోటి రాసిన.”

భద్రయ్య మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగాడు. “ఆగున్రి డాక్టర్‌సాబ్. రక్తం పరీక్ష చేయించిన్రు గద. అండ్ల ఎక్కువ ఉండె గద.”

“రెండు వందల తొంభై రెండు ఉండె. పరగడుపున.” బ్రహ్మచారి ఫైలులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. “తమ్ముడు తెచ్చి ఇచ్చిండు.”

సన్యాసిరాజు చీటీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు అడ్డంగా పెట్టి చూశాడు. చీటీ అంతా నల్ల సిరా. 292లో మొదటి అంకె 2 మాత్రం కొంచెం నీలి. పక్క అంకెను దాదాపు తాకుతోంది, తర్వాత ఇరికించినట్టు.

ల్యాబు రోడ్డు దాటితే వస్తుంది. రిజిస్టర్‌లో జనవరి పద్దెనిమిదో తేదీ పేజీ తియ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. కె. కాంతమణి, పరగడుపున, తొంభై రెండు.

భద్రయ్య ఆ అంకె మీద వేలు పెట్టాడు. గుమ్మం బయట బ్రహ్మచారి రోడ్డు వంక చూస్తూ ఉన్నాడు.

“ఒక్క అంకె ఏసిండు,” అన్నాడు భద్రయ్య. “మిగిలినదంత మనమే చేసినం. డాక్టర్ రాసిండు, పిల్ల సూది ఏసింది, నేను పిల్లను అరెస్ట్ చేసిన.”

“గుడ్ ఫ్రైడే నాడు అక్క జావ తాగదని ఆయనకు తెలుసు. యాభై ఏళ్లుగా చూస్తున్నాడు.”

“కానీ గిసొంటి బీమారి ఉంటదని రైల్వేల పనిచేసేటోనికి ఎట్ల తెలుస్తది? నలభై ఏండ్ల డాక్టర్‌కే యాదికి రాలే.”

“ఆయనకూ ఉంది కాబట్టి. వెనక వాటా తూము దగ్గర చీమలు మీరూ చూసుంటారు. షుగర్ లేదన్నాడు, మూడు చెంచాల పంచదార వేసుకున్నాడు. చీమలకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. రైల్వే ఉద్యోగంలో చేరేటప్పుడు మూత్రం చూస్తారు. ఎర్రగా వస్తే రక్తం కూడా చూస్తారు. ఇది పుట్టుకతో వచ్చిన లోపం, జబ్బు కాదు అని అప్పుడే ఎవరో పెద్ద డాక్టర్ రాసి ఉంటాడు. ఆయన సర్వీసు ఫైలు తెప్పించండి, ఆ కాగితం ఉంటుంది.”

“ఫైలు తరువాత. ముందుగాల మనిషిని తెప్పిస్త.”

దవాఖానాలోకి తిరిగివచ్చి భద్రయ్య స్టేషన్‌కు ఫోన్ చేశాడు. గడియారంలో మూడు కావడానికి పది నిమిషాలు. హెడ్ కానిస్టేబుల్ సామ్యూల్ ఎత్తాడు. భద్రయ్య జకర్యా పేరు చెప్పబోయి ఆగిపోయాడు. అవతలి మాటలు వింటున్నాడు.

“ఎప్పుడు?” అన్నాడు. “ఎంత?” అన్నాడు. రిసీవర్ పెట్టకుండానే వెనక్కి తిరిగాడు.

“పిల్ల కండ్లు తిరిగి పడిపోయిందట. జకర్యా అక్కడనే ఉన్నడు, టిఫిన్ ఇయ్యనీకి పోయి. మా ఇంట్ల షుగర్ ఉంది, పెద్దమ్మ దానితోనే పోయింది, జెర చూడున్రి అని మొత్తుకున్నడట. పోలీస్ దవాఖాన డ్యూటీ డాక్టర్ వచ్చి మూత్రం చూసిండు. ఇటుక రంగు. రెండున్నరకు ఇన్సులిన్ ఏసిన్రు. ఇరవై యూనిట్లు.”

“ఆ పిల్లకూ అదే పుట్టుక లోపం. గురువారం నుంచి ఏమీ తినలేదు,” అన్నాడు సన్యాసిరాజు.

బ్రహ్మచారి అప్పటికే సంచీ సర్దుతున్నాడు. గ్లూకోజ్ సీసాలు, పెద్ద సిరంజి. “ఫోన్ పెట్టకు. చక్కెర నీళ్లు తాపమని చెప్పు. తెలివి ఉంటేనే తాపాలె, లేకపోతే గొంతుల అడ్డం పడతది.”

జీపు భద్రయ్యే నడిపాడు. మూడూ ఎనిమిదికి స్టేషన్ ముందు బ్రేకు వేశాడు.

మార్త బల్ల మీద పక్కకు ఒరిగి ఉంది. చెమటకు జాకెట్టు తడిసిపోయింది. పిలిస్తే కళ్లు తెరిచింది గాని చూపు నిలవలేదు. సామ్యూల్ చేతిలో చక్కెర నీళ్ల గ్లాసు. “నాలుగు చెంచాలు మింగింది సార్. తర్వాత పళ్లు బిగబట్టేసింది.”

బ్రహ్మచారి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నరం దొరకడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. భద్రయ్య ఆ పిల్ల మోచెయ్యి కదలకుండా పట్టుకున్నాడు. నాలుగోసారి దొరికింది. గ్లూకోజ్ మెల్లగా ఎక్కింది, ఒక సిరంజి, ఇంకొకటి. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. మార్త వేళ్లు కదిలాయి. తర్వాత మూలిగి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

“పెద్దమ్మకు ఇట్లనే అయ్యేదా?” అని అడిగింది కొంచెంసేపటికి. “చెమటలు పట్టినప్పుడల్లా... ఇట్లనేనా?”

బ్రహ్మచారి సిరంజి కింద పెట్టాడు.

“ఔ బిడ్డా,” అన్నాడు బ్రహ్మచారి. “తప్పు నాది. నీది కాదు.”

ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు జారాయి. తుడుచుకోలేదు. డాక్టర్ గ్లాసు నోటికి అందిస్తే తాగింది.

“ఈ సూది పని ఇంక అయిపోలే,” ఆయన భద్రయ్యతో నెమ్మదిగా అన్నాడు. “రాత్రిదాక గంట గంటకు చక్కెర ఇయ్యాలె. నేను ఇక్కడనే ఉంట.”

సన్యాసిరాజు బల్ల పక్కన కూర్చున్నాడు. “మార్తా, ఇవాళ మీ మామయ్య వచ్చినప్పుడు ఏమడిగాడు?”

“తినమన్నాడు. వద్దన్నాను. పెద్దమ్మ నీకేమైనా ఇచ్చిందా అని అడిగాడు.”

“ఇచ్చిందా?”

“పోయిన ఆదివారం ఒక కవరు ఇచ్చింది. అంటించి ఉంది. ఏముందో చెప్పలేదు. మంగళవారం కోర్టుకు తీసుకురమ్మంది, అప్పటిదాకా ఇంట్లో ఉంచొద్దంది. దాని మీద మామయ్య చేతిరాత ఉంది. పెద్దమ్మకు రాసిన ఉత్తరం లాగుంది.” ఊపిరి తీసుకుంది. “అదే చెప్పాను. మామయ్యే కదా అని.”

“కవరు ఎక్కడ పెట్టావో కూడా చెప్పావా?”

“మేబెల్ టీచర్‌కు ఇచ్చానని చెప్పాను. మా చర్చిలో ఆర్గాన్ వాయిస్తారు. పెద్దమ్మ స్నేహితురాలు. రాంగోపాల్‌పేట్‌లో ఒక్కరే ఉంటారు. ఆమెకు చూపు సరిగా కనపడదండీ, అందుకే చదవరని...” మార్త లేవబోయింది. అప్పుడు తట్టింది ఆమెకు. “అది చెప్పాకే డాక్టర్‌ను పిలిచాడు మామయ్య.”

భద్రయ్య సామ్యూల్ వైపు తిరిగాడు. “జకర్యా ఏడి?”

“సూది ఏసేదాక ఇక్కడే నిలబడ్డాడు సార్. బిడ్డకు నిద్ర పట్టింది, లేపొద్దని చెప్పి వెళ్లిపోయాడు. రెండున్నర దాటిందప్పటికి.”

గోడ మీద గడియారం మూడు ఇరవై ఆరు చూపిస్తోంది. భద్రయ్య బెల్టుకున్న రివాల్వర్ తడిమి చూసుకుని జీపు వైపు పరుగెత్తాడు. సన్యాసిరాజు అతని వెనకే కదిలాడు.

మార్తకు సూది పడి యాభై ఆరు నిమిషాలు; జకర్యా వెళ్లి దాదాపు అంతే. ఆ కవరులో ఉన్నది గేటు ఫోన్ తానే చేశానని అతను అక్కకు రాసుకున్న ఉత్తరమే అయి ఉండాలి. ఇప్పటిదాకా జకర్యా ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు. అక్క విషయంలో డాక్టర్ కలం పనిచేసింది, మేనకోడలి చేతిలో సూది పనిచేసింది. మేబెల్ టీచర్ ఇంట్లో అతనికి సాయం చెయ్యడానికి ఎవరూ లేరు. ఆ పని అతను తన చేతులతోనే చెయ్యాలి.